కూలెంట్ మార్చాక బండి వేడెక్కుతోందా?

ఇంట్లో కూలెంట్ మార్చుకున్నాక కారు మొరాయిస్తే చాలామంది ముందు థర్మోస్టాట్‌ని (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్), తర్వాత వాటర్ పంప్‌ని అనుమానిస్తారు. నిన్నటిదాకా బాగా నడిచిన పార్టు కూలెంట్ మార్చిన రోజే పాడవడం అరుదు. ఎక్కువసార్లు అసలు కారణం లోపల చిక్కుకున్న గాలో, లోపలే మిగిలిపోయిన నీళ్లో అయి ఉంటుంది. కొత్త పార్టు కొనేముందు ఈ రెండూ చూడండి.

ఇంజిన్ వేడి మీద ఉండగా మాత్రం కూలెంట్ పోసే మూత తీయకండి. ఒత్తిడి వల్ల లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైతే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, హీటర్ వేస్తే చల్లగాలి వస్తోంది

ఇది గాలి పట్టేసిన లక్షణం. కూలెంట్ పోసేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉంటుంది కాబట్టి థర్మోస్టాట్ మూసుకునే ఉంటుంది. దాని వెనక, హీటర్ గొట్టాల్లో ఉన్న గాలికి బయటికి దారి దొరకదు. సెన్సర్ ఆ గాలిబుడగలో పడితే ముల్లు ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది.

కారు ముందు భాగాన్ని కాస్త ఎత్తులో ఉంచండి. హీటర్‌ని పూర్తి వేడిలో పెట్టండి. గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే తెరిచి, కూలెంట్ సన్నటి ధారగా పోయండి. స్క్రూ దగ్గర బుడగలు ఆగి ద్రవం మాత్రమే వస్తున్నప్పుడు బిగించేయండి. తర్వాత, మూత తీసే ఉంచి ఇంజిన్ ఐడిలింగ్‌లో నడవనివ్వండి. థర్మోస్టాట్ చాలా కార్లలో 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది తెరుచుకోగానే రేడియేటర్ కింది హోస్ వెచ్చబడుతుంది, మట్టం ఒక్కసారిగా దిగుతుంది. తగ్గినంత మళ్లీ పోయండి. బుడగలు ఆగి, హీటర్ నుంచి వేడిగాలి వస్తే మూత బిగించి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి, ఆగేదాకా చూడండి. ఈ పని తొందరపడితే కాదు. ఎలక్ట్రిక్ పంప్ ఉన్న కొన్ని కార్లకు గాలి తీసే పద్ధతి వేరుగా ఉంటుంది, అది మాన్యువల్‌లో చూడాల్సిందే.

ఇంతా చేశాక కూడా ముల్లు పైకి పోతూ, పై హోస్ కాలిపోతూ కింది హోస్ చల్లగానే ఉంటే, అప్పుడు థర్మోస్టాట్‌ని అనుమానించండి.

కొత్త కూలెంట్ రంగు అప్పుడే మారిపోయింది

రేడియేటర్ ప్లగ్ విప్పితే రేడియేటర్‌లోదే ఖాళీ అవుతుంది. ఇంజిన్ బ్లాక్‌లోనూ హీటర్‌లోనూ పాతది చాలావరకు అలాగే ఉంటుంది. గోధుమ రంగుకు కారణం అక్కడి తుప్పే. డిస్టిల్డ్ వాటర్ నింపి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, ఇంజిన్ చల్లారాక వదిలేయండి. తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. కుళాయి నీళ్లలోని లవణాలు లోపల పొలుసు కడతాయి. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే బ్లాక్ చిట్లవచ్చు.

జిగురులా ముద్దకట్టిందంటే రెండు రకాల కూలెంట్లు కలిశాయన్నమాట. రంగు ఒకటే కదా అని నమ్మవద్దు, రంగు తయారీదారు ఇష్టం. మాన్యువల్‌లో రాసిన రకమే పోయండి. పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే అందులో నూనె కలిసినట్టే. ఎంత కడిగినా లాభం లేదు, మెకానిక్‌కి చూపించాలి.

మిశ్రమం పల్చగా ఉందని కూలెంట్ చిక్కదనం కొలిచే టెస్టర్ చూపిస్తోంది

ఇది లెక్కలో తప్పు. కారుకు 6 లీటర్లు పడుతుందనుకోండి. లోపల కడిగిన నీళ్లు చివరిసారి వదిలితే 4 లీటర్లే వచ్చాయి. అంటే 2 లీటర్ల నీళ్లు లోపలే ఉన్నాయి. వాటి మీద సగం నీళ్లు కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంట్ 4 లీటర్లు పోస్తే అసలు కూలెంట్ మూడో వంతే అవుతుంది. అందుకే నీళ్లు కలపని కూలెంట్ 3 లీటర్లు ముందు పోసి, మిగిలిన చోట 1 లీటరు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. సగం సగం మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. చిక్కగా ఉంటే ఇంకా మంచిదనుకుని కూలెంటే పోయకండి, అది నీళ్లంత బాగా వేడిని మోయలేదు.

మట్టం తగ్గుతోంది

మొదటి ఒకటి రెండు రోజులు కాస్త తగ్గడం మామూలే, మిగిలిన గాలి బయటికి పోతోంది. ఇంకా తగ్గుతుంటే డ్రెయిన్ ప్లగ్, మీరు విప్పిన హోస్ క్లాంపులు చూడండి. ఎండిన తెల్లటి మరకలే లీకు జాడ. చల్లారాక హోస్ నొక్కుకుపోతుంటే మూతలోని వాల్వ్ పాడైంది, మూత మార్చండి. బయట చుక్క కనిపించకుండా తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ దాని పై హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందేమో అనుమానించాలి. అలాంటి బండిని నడపకండి.

వదిలిన పాత కూలెంట్‌ని కాలువలో పోయకుండా మూతున్న డబ్బాలో పట్టి, వాడిన నూనెలు తీసుకునే చోట ఇవ్వండి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. నేల మీద ఒలికిందాన్ని కుక్కో పిల్లో నాకకముందే కడిగేయండి.