కేసీశాన్ కర్నెల్ బిల్డ్ దారికొచ్చిన తీరు

మాదాపూర్‌లో మా రూమ్‌లో ఉన్న ఉబుంటు 20.04 మెషీన్ మీద నా లాకింగ్ కోడ్‌ని కేసీశాన్‌తో పరీక్షిద్దామనుకున్నాను. లైనక్స్ కర్నెల్‌లో (సిస్టమ్ మూలభాగంలో) రెండు సీపీయూలు లాక్ లేకుండా ఒకే వేరియబుల్‌ని ఒకేసారి ముట్టుకుంటే, అందులో ఒకటైనా రాస్తుంటే, పట్టేసే డిటెక్టర్ అది. దాన్ని కర్నెల్‌తో కలిపే బిల్డ్ చేయాలి. 2020లో లైనక్స్ 5.8తో వచ్చింది. తీరా కూర్చుంటే 5.15 కర్నెల్ బిల్డే కాలేదు.

బిల్డ్ నడిపే మేక్ కమాండ్‌ని జే8తో, అంటే ఒకేసారి ఎనిమిది పనులతో, నడిపితే మెసేజ్‌లన్నీ కలగాపులగం. చివర్లో కనిపించే 'ఎర్రర్ 2' పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు, కారణం ఎక్కడో పైన ఉంటుంది. అదే కమాండ్ జే1తో ఇస్తే సరిగ్గా అక్కడే ఆగింది: కెనానికల్ (ఉబుంటు తయారుచేసే కంపెనీ) సర్టిఫికెట్ ఫైల్ లేదట. బూట్ ఫోల్డర్‌లోని ఉబుంటు కాన్ఫిగ్ (కర్నెల్ సెట్టింగ్‌ల ఫైల్) కాపీ చేసుకుంటే ఇది ఎదురవుతుంది. అందులోని సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, రివొకేషన్ కీస్ సెట్టింగ్‌లు రెండిటినీ ఖాళీ చేస్తే పోయింది.

అసలు తలనొప్పి ఆ తర్వాతే. బిల్డ్ అయింది, బూట్ అయింది, కేసీశాన్ ఊసే లేదు! కాన్ఫిగ్‌లో 'వై' పెట్టినా ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (పాత కాన్ఫిగ్‌ని కొత్త కర్నెల్‌కి సరిచేసే మేక్ కమాండ్) చడీచప్పుడు లేకుండా తీసేస్తోంది. కేశాన్ (మెమరీ తప్పులు పట్టే ఇంకో డిటెక్టర్) ఆన్‌లో ఉంటే కేసీశాన్ రాదు, కాబట్టి ముందు దాన్ని ఆపాను. పైగా కేసీశాన్‌కి కంపైలర్ జీసీసీ అయినా క్లాంగ్ అయినా కనీసం 11 కావాలి, 20.04లో డిఫాల్ట్ జీసీసీ 9. క్లాంగ్-12 వేసుకున్నాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తాను: సీసీ=క్లాంగ్-12 అని మేక్‌కీ, ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్‌కీ రెండిటికీ ఇవ్వండి. కంపైలర్‌కి ఆ సత్తా ఉందో లేదో కాన్ఫిగ్ దశలోనే చూస్తారు.

ఆ తర్వాత డీమెసేజ్‌లో (కర్నెల్ లాగ్‌లో) 'బగ్: కేసీశాన్: డేటా-రేస్' అంటూ రెండు స్టాక్ ట్రేస్‌లు (ఏ ఫంక్షన్ల గుండా అక్కడికి వచ్చిందో చూపే జాబితాలు) పడ్డాయి, ఒకటి రాసేది, ఒకటి చదివేది.