వంతెనల పిచ్చి ఉన్న పిల్లవాడికి ఇంటి చదువు

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. ఇంట్లోనే చదివిస్తున్నాం. ఉండేది రాజమహేంద్రవరంలో కాబట్టి వాడికి గోదావరి మీది రైలు వంతెనల పిచ్చి పట్టింది. పిల్లల ఇష్టాన్ని చదువుగా ఎలా మలచాలని అడిగేవారికి నా సలహా: వాళ్లు అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి, పాఠం పేరు తర్వాత చూసుకోవచ్చు.

ముందు కొన్నాళ్లు ఏమీ నేర్పకుండా గమనించండి. ఒకసారి అడిగి వదిలేసేవి చాలా ఉంటాయి. మళ్లీ మళ్లీ అడిగేవాటిని తేదీ వేసి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పుష్కర ఘాట్ మెట్ల మీద మావాడు పదేపదే అడిగింది ఇది: "అమ్మా, ఆ పాత వంతెన మీద రైళ్లు ఎందుకు వెళ్లవు?"

వెంటనే జవాబు చెప్పకండి, కలిసి వెతకండి. ఆ పాత వంతెన పేరు హేవలాక్ వంతెన, అది 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసింది. ఆ రెండు సంవత్సరాల మధ్య 1974 నాటి రైలు-రోడ్డు వంతెనను కూడా చేర్చి గోడ మీద కాలరేఖ గీశాం. వాడు తాతయ్య పుట్టిన సంవత్సరాన్ని కూడా అందులో పెట్టాడు. చరిత్ర పాఠానికి అంతకంటే మంచి మొదలు నాకు తెలియదు.

లెక్కలూ అలాగే వచ్చాయి. గోదావరి మీదే ఉన్న మరో రైలు వంతెన, ఆర్చి వంతెనకు 28 ఆర్చులు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. దశాంశాలంటే విసుక్కునేవాడే గుణించి 2731.4 మీటర్లని తేల్చాడు. ఆ వంతెన మీదుగా కొవ్వూరు వైపు వెళ్తూ గడియారం చూశాం, దాటడానికి మూడు నిమిషాలు పట్టింది. అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్ల వేగం!

పెద్దలు తొందరపడేది ఇక్కడే. వంతెన బొమ్మ గీస్తున్న పిల్లవాడిని త్రిభుజాల రకాలు చెప్పమని నిలదీయకండి. ఇష్టమైన పనిని పరీక్షగా మారిస్తే దాన్ని మన కంట పడనివ్వరు. చీపురు పుల్లలు, దారం, జిగురు చేతికందేలా ఉంచండి చాలు. నాలుగు పుల్లలతో కట్టిన చతురస్రం నొక్కితే ఒరిగిపోతుంది, మూల నుంచి మూలకు ఇంకో పుల్ల కడితే కదలదు. అది వాడంతట వాడే కనిపెట్టాడు.

తెలుగు రాతకు మాత్రం ఇష్టం కలిగేదాకా ఆగను. రోజూ ఒక పేరా రాయాల్సిందే, విషయం వాడి ఇష్టం.

పరీక్షల బెంగ ఉంటే, 14 ఏళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా పదో తరగతి రాయవచ్చు.

ఇష్టం మారితే బలవంతంగా పాతదాన్ని పట్టుకోకండి. మావాడు ఇప్పుడు నదిలో ఇసుక మేటలు ఎందుకు వేస్తాయని అడుగుతున్నాడు. ధవళేశ్వరం తీసుకెళ్లి బ్యారేజి, కాటన్ మ్యూజియం చూపించాలి.