అమ్మానాన్నలతో డిస్నీకి: లైట్నింగ్ లేన్ టైమ్ ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఒకప్పుడు రథసప్తమికి అర్ధరాత్రి నుంచే అరసవల్లి లైన్లో నిలబడిన మనిషి మా నాన్న. ఇప్పుడు మోకాళ్ళు ఇరవై నిమిషాలు కూడా ఓర్చుకోవు. అందుకే ఆర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్ళేటప్పుడు లైన్ తప్పించే లైట్నింగ్ లేన్ పాస్ తీసుకున్నాం. పాస్ ఉన్నా ఒక్కో రైడ్‌కి టైమ్ ముందే బుక్ చేసుకోవాలి, అది కుదరకపోతే పెద్దవాళ్ళకి ఎండే మిగులుతుంది.

సమస్య: ఏడింటికే కూర్చున్నా పొద్దుటి టైమ్‌లు దొరకలేదు

ఇది మాకే జరిగింది. సిరిమాను చూసుకుని విజయనగరంలో బయల్దేరాలని అనుకున్నాం. బుకింగ్ మా అప్ప డల్లాస్ నుంచి చేయాలి. "ఏడింటికి తెరుస్తారు" అని ఫోన్లో చెప్పాను, అప్ప తన గడియారంలో ఏడింటికి కూర్చుంది. అప్పటికి ఆర్లాండోలో ఎనిమిది. పీటర్ పాన్ రైడ్‌కి మధ్యాహ్నం 2:40 మిగిలింది.

కారణం: ఆ ఏడు ఫ్లోరిడా ఏడు. డల్లాస్‌లో అప్పుడు ఆరు. మనకి సాయంత్రం 4:30. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అయితే 5:30. రోజు లెక్క కూడా ఉంది: డిస్నీ హోటల్లో దిగితే చెక్-ఇన్‌కి 7 రోజుల ముందు, బయట దిగితే పార్కుకి వెళ్ళే రోజుకి 3 రోజుల ముందు తెరుస్తారు. 2024 జులైకి ముందు వెళ్ళొచ్చిన చుట్టాలు "ఆ రోజు పొద్దున్నే చూసుకోవచ్చు" అంటారు. అది జీనీ ప్లస్ అనే పాత పాస్ పద్ధతి. ఇప్పుడు అలా ఆగితే మంచి టైమ్‌లు పోతాయి.

పరిష్కారం: అమ్మ వంటింటి క్యాలెండర్ మీద ఆ తారీఖు గడిలో "ఆర్లాండో 7, డల్లాస్ 6, మనకి 4:30" అని ఎర్ర పెన్నుతో రాసింది. మేము తప్పాక రాసిందది, మీరు ముందే రాసుకోండి. ఇక దొరకలేదని వదిలేయకండి. ఎవరో ఒకరు మార్చుకున్న టైమ్‌లు మళ్ళీ కనిపిస్తుంటాయి. అప్ప రోజూ డిస్నీ యాప్ తెరిచి చూస్తుంటే రెండో రోజు 10:15 దొరికింది.

సమస్య: బుకింగ్‌లో అమ్మ పేరు కనిపించడం లేదు

ఆవిడ టికెట్ మీ అకౌంట్‌లోని కుటుంబం జాబితాకి కలపలేదు. బుకింగ్‌కి ముందు రోజే కలిపేయండి.

సమస్య: మూడు పాస్‌లు ఉన్నాయి, నాలుగోది ఇవ్వడం లేదు

కారణం: మల్టీ పాస్‌లో, అంటే చాలా రైడ్‌లకి కలిపి కొనే లైట్నింగ్ లేన్ పాస్‌లో, ముందుగా ఇచ్చేవి మూడే. ఒకటి వాడి, గేటు దగ్గర స్కాన్ అయితేనే ఇంకోటి తీసుకోగలం. మూడూ మధ్యాహ్నానికి పెట్టుకుంటే పొద్దున్నంతా చేతిలో ఏమీ ఉండదు.

పరిష్కారం: మొదటి పాస్ ఏ రైడ్‌దైనా సరే, పొద్దున్నే ఉండాలి. స్కాన్ పడగానే పచ్చ లైట్ వెలుగుతుంది. ఇక లైన్లో నడుస్తూనే తర్వాతది బుక్ చేయండి. నా మాట వింటే, పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇదొక్కటి చేసినా చాలు. ట్రాన్ లాంటి రైడ్‌లు ఈ మూడింటిలో రావు, విడిగా కొనాలి. దాని ఎత్తు పరిమితి 48 అంగుళాలు. మీ పిల్లాడు అంత లేకపోతే ఆ డబ్బు మిగిల్చుకోండి.

సమస్య: భోజనం ఆలస్యమై టైమ్ దాటిపోయేలా ఉంది

పాస్ మీద ఉండేది గంట వ్యవధి. నాన్న నెమ్మదిగా తింటారు, నడకకీ టైమ్ పడుతుంది. అలాంటప్పుడు పరుగెత్తించకండి. గంట అయిపోకముందే యాప్‌లో టైమ్ మార్చండి. తర్వాతి టైమ్ ఖాళీగా ఉంటే అదే పాస్ జరుగుతుంది.

సమస్య: మన టైమ్‌కి రైడ్ ఆగిపోయింది

టెన్షన్ వద్దు, డబ్బు పోలేదు. ఆ పాస్ సాధారణంగా వేరే కొన్ని రైడ్‌లకి కూడా పనికొచ్చేలా దానంతటదే మారుతుంది. ఆ జాబితా యాప్‌లోనే ఉంటుంది. అమ్మానాన్నల్ని ముందు నీడలో కూర్చోబెట్టి, తర్వాత దాన్ని తెరిచి చూడండి.