సెజాన్ కొండ బొమ్మను ఎలా చూడాలి?

మ్యూజియంలో ఒక్కో బొమ్మ ముందు పది సెకన్లు నిలబడి ముందుకు కదిలిపోతాం. ఈ ఒక్కదానికి పావుగంట ఇచ్చి చూడండి: ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ 1887 ప్రాంతంలో వేసిన 'పెద్ద పైన్ చెట్టుతో సాంత్ విక్త్వార్ కొండ'. దక్షిణ ఫ్రాన్స్‌లో, ఆయన సొంతూరు ఎక్స్ (Aix) పక్కనే ఉంటుందీ కొండ. ఫోన్‌లో వెతికితే ఇదే కొండ బొమ్మలు బోలెడు వస్తాయి, చాలావరకు ఆయన వేసినవే. లండన్ కోర్టాల్డ్ గ్యాలరీలో ఉన్నది తెరవండి.

1. కింద రాసిన వివరాలు అప్పుడే చదవొద్దు. ఎడమవైపు చెట్టు దగ్గర వేలు పెట్టి, కొమ్మ వెంట కుడికి జరపండి. తర్వాత కొండ అంచు వెంట జరపండి. రెండూ దాదాపు ఒకే వంపు! చెట్టేమో మన ముక్కు ముందు, కొండేమో ఎక్కడో దూరాన. అయినా కొమ్మ కొండను నిమురుతున్నట్టే ఉంటుంది. ఇది ప్రకృతి ఇచ్చింది కాదు, సెజాన్ కూర్చింది.

2. ఇప్పుడు జూమ్ చేయండి. పక్కపక్కనే పేర్చినట్టు కుంచె గీతలు కనిపిస్తాయి. మోనే లాంటి ఇంప్రెషనిస్టులు ఆ క్షణంలో ఉన్న వెలుతురు వెంటపడ్డారు. సెజాన్‌కు వెలుతురు మారినా చెదరని ఆకారం కావాలి. ఈ తేడాకు 'పోస్ట్ ఇంప్రెషనిజం' (ఇంప్రెషనిజం తర్వాతిది) అన్న పేరు 1910లో లండన్‌లో రోజర్ ఫ్రై అనే కళా విమర్శకుడు పెట్టాడు. అప్పటికి సెజాన్ పోయి నాలుగేళ్లు.

3. కుడివైపు, కొండ కింద కమానుల వరస వెతకండి. నేనైతే మొదట రోమన్ల కాలం నాటి కట్టడం అనుకున్నాను. కాదు, రైలు వంతెన! ఆ రోజులకు కొత్త వస్తువే, కానీ పొలాల్లో ఎప్పటినుంచో ఉన్నట్టు కలిపేశాడు.

4. మనుషుల కోసం చూడండి. ఒక్కరూ దొరకరు. ఇంత సాగుభూమి దున్నేదెవరో బొమ్మ చెప్పదు. సెజాన్ బ్యాంకరు కొడుకు. 1886లో తండ్రి పోయాక ఆస్తి చేతికొచ్చింది, బొమ్మలు అమ్ముడుపోవాలన్న టెన్షన్ లేదు. ఒకే కొండను ఏళ్ల తరబడి వేసే తీరిక అలా వచ్చిందే.

5. చివరగా సంతకం. ఆయన చాలా బొమ్మలకు సంతకమే పెట్టలేదు. దీన్ని ఎక్స్‌లో ప్రదర్శనకు పెట్టినప్పుడు జువాకిమ్ గాస్కే అనే కుర్ర కవి మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకే సెజాన్ పొంగిపోయి, సంతకం చేసి మరీ బొమ్మను అతని చేతిలో పెట్టేశాడు.