జాబిక్స్ అప్‌గ్రేడ్ చేసే ముందు పేజీ పైన వెర్షన్ చూడండి

పోయిన వారం రాత్రి రెండింటికి తెలిసిన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. సర్వర్లు, నెట్‌వర్క్ బాగున్నాయో లేదో కనిపెట్టే సాఫ్ట్‌వేర్ జాబిక్స్ ఉంది కదా, దాన్ని 6.0 నుంచి 7.0కి ఎక్కించాడట, ఫ్రంటెండ్ (బ్రౌజర్‌లో కనిపించే భాగం) రాలేదు, సరే వెనక్కి వెళ్దామని పాత ప్యాకేజీలు పెడితే ఇప్పుడు సర్వరే లేవట్లేదు. లాగ్ నిండా డేటాబేస్ వెర్షన్ సరిపోలేదని ఒకటే గోల. బ్యాకప్ ఉందా అన్నాను. అవతల నుంచి ఫ్యాన్ తిరిగే చప్పుడు తప్ప ఏం రాలేదు.

సంగతేంటంటే ఆ మెషీన్‌లో ఉన్నది పీహెచ్‌పీ 7.4, ఫ్రంటెండ్ నడిచేది ఈ పీహెచ్‌పీ భాష మీదే. జాబిక్స్ 7.0 ఫ్రంటెండ్‌కి కనీసం పీహెచ్‌పీ 8.0 కావాలి. వాడు జాబిక్స్ డాక్యుమెంటేషన్‌లో రిక్వైర్‌మెంట్స్ పేజీ చదివాడు పాపం, చదవలేదనడానికి లేదు, కానీ అది జాబిక్స్ 6.0 పేజీ, అందులో పీహెచ్‌పీ 7.2.5 ఉంటే చాలని ఉంటుంది. పది నిమిషాలు శ్రద్ధగా చదివాడు, చదివింది వేరే వెర్షన్‌ది.

ఈ ఒక్క తప్పుతో మునిగినవాళ్లని చాలామందిని చూశాను కాబట్టి చెప్తున్నా: ఏ పేజీ తెరిచినా ముందు దాని వెర్షన్ చూడండి. అడ్రసులో 'కరెంట్' అని ఉంటే అది తాజా వెర్షన్‌ది, మీది కాకపోవచ్చు. మీ వెర్షన్ ఏదో తెలియకపోతే ఫ్రంటెండ్‌లో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. రోజువారీ పనికి మీరు వాడే వెర్షన్ పేజీ, అప్‌గ్రేడ్‌కి మీరు వెళ్లబోయే వెర్షన్ పేజీ. వెతికితే దొరికే పాత జవాబులతో ఇంకా తలనొప్పి: ట్రిగ్గర్ (ఏం జరిగితే సమస్య అనుకోవాలో చెప్పే షరతు) రాసే తీరు జాబిక్స్ 5.4లో మారిపోయింది, ఫ్లవర్ బ్రాకెట్‌లో హోస్ట్ పేరు, కోలన్, ఐటెమ్ అని కనిపిస్తే అది అంతకుముందు కాలం నాటిది. ఏఐని అడిగినా ఒక్కోసారి అదే వడ్డిస్తుంది.

కొత్త సర్వర్ మొదటిసారి లేవగానే డేటాబేస్‌ని తనంతట తానే మార్చేస్తుంది, మిమ్మల్ని అడగదు. వెనక్కి దారి బ్యాకప్ ఒక్కటే. ప్యాకేజీ వెనక్కి వెళ్తుంది గానీ డేటాబేస్ వెళ్లదు.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు వెర్షన్, ఓఎస్, డేటాబేస్ ఏదో మొదటి లైన్లోనే రాయండి. లాగ్‌ని స్క్రీన్‌షాట్ తీయొద్దు, టెక్స్ట్‌గా పెట్టండి, ఫోన్‌లో ఫొటో తీసి పంపేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జాబిక్స్ కాక అలాంటిదే లిబ్రెఎన్‌ఎంఎస్ వాడుతుంటే, సెటప్‌ని పరీక్షించే దాని వ్యాలిడేట్ స్క్రిప్ట్ ఏం చెప్పిందో ముందు మీరు చదవండి, సగం సందేహాలు అక్కడే తీరతాయి, తీరకపోతే అదే అతికించండి, ఎలాగూ మొదట అదే అడుగుతారు. అలాంటిదే ఇంకోటి నాగియోస్ అయితే, మీది నాగియోస్ కోర్ అవునో, నాగియోస్ ఎక్స్‌ఐ అవునో చెప్పండి, రెండోది డబ్బులు పెట్టి కొనేది, దాని మెనూలు కోర్‌లో వెతికితే దొరకవు. పాస్‌వర్డ్‌లు, ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ పేరు (నెట్‌వర్క్ పరికరాల వివరాలు చదవడానికి పాస్‌వర్డ్‌లా వాడేది), పబ్లిక్ ఐపీలు చెరిపేశాకే పెట్టండి. బగ్ ట్రాకర్‌లో 'నాకు రావట్లేదు సార్' అని రాయొద్దు. పెయిడ్ సపోర్ట్ కావాలంటే పగలే, ముందే మాట్లాడుకోండి, అర్ధరాత్రి ఎవరూ కొటేషన్ పంపరు. దసరా సెలవుల ముందు రోజు అప్‌గ్రేడ్ పెట్టుకోవద్దు. శుక్రవారం అసలే వద్దు. బ్యాకప్ తీయండి. తీసినదాన్ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడండి. పేజీ వెర్షన్ చూశారా? మళ్లీ చూడండి.