రీఫ్ ట్యాంక్ పెద్దది చేద్దాం – 3వ పాఠం: మార్పిడి రోజు

రీఫ్ ట్యాంక్ అంటే కోరల్స్ (పగడాలు), సముద్రపు చేపలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంక్. అందులోని జీవాలను పాత చిన్న ట్యాంక్ నుంచి కొత్త పెద్దదానికి మారుస్తున్నాం. పోయిన పాఠంతో కొత్త ట్యాంక్ తన చోట కుదురుకుంది. స్టాండ్ లెవెల్ చూశారు, మంచినీళ్లు నింపి రెండు రోజులు ఉంచి లీకేజీ లేదని తేల్చుకున్నారు, మోటారు ఆపితే సంప్ (ట్యాంక్ కింద ఫిల్టర్, మోటారు ఉండే తొట్టి) పొంగుతుందేమో కూడా చూశారు. ఇక మిగిలింది కాపురం మార్చడమే.

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క. 120 × 60 × 60 సెంటీమీటర్ల ట్యాంక్‌లో పైన 5 సెంటీమీటర్లు వదిలేస్తే ఎన్ని నీళ్లు పడతాయి అని అడిగాను. 396 లీటర్లు అని రాసుంటే గుణకారం సరిగ్గానే చేశారు, కానీ రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటు మర్చిపోయారు. వాటికి 15 శాతం తీసేస్తే దాదాపు 335. సంప్‌లో 80 లీటర్లు ఉంటే మొత్తం 415. పాత ట్యాంక్ నుంచి తేటగా తీయగలిగేవి 120 అనుకుంటే, కొత్తగా కలపాల్సినవి 295. నేనైతే 350 కలుపుతాను. మిగిలిన ఆ కాసిని నీళ్లూ మొదటి వారంలో తప్పకుండా అక్కరకొస్తాయి.

ఆర్ఓ–డీఐ నీళ్లలో (లవణాలు దాదాపు పూర్తిగా తీసేసిన నీళ్లు) సముద్రపు ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు వేసి, మోటారు, హీటర్ పెట్టి, కనీసం ఒకరోజు ముందే కలిపి ఉంచండి. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీలు, సాంద్రత 1.025. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను ఉత్త నీళ్లతో కాకుండా 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి. ఉత్త నీళ్ల దగ్గర సున్నా చూపించిన పరికరం ఉప్పునీళ్ల దగ్గర సరిగ్గా చూపిస్తుందన్న నమ్మకం లేదు.

అందరూ సాంద్రత దాకా చూసి ఆగిపోతారు. కోరల్స్‌ను దెబ్బతీసేది చాలాసార్లు ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా నీళ్లు నిలదొక్కుకునే శక్తి. దాన్ని డీకేహెచ్‌లలో కొలుస్తారు. మీ పాత ట్యాంక్ 8 డీకేహెచ్ దగ్గర నడుస్తోంది, కొత్త ఉప్పు కలిపితే 11 వస్తోంది అనుకుందాం. 120 లీటర్ల పాత నీళ్లు, 295 లీటర్ల కొత్త నీళ్లు కలిస్తే 10 దాటుతుంది. అంటే కోరల్స్ ఒక్క గంటలో రెండు డీకేహెచ్ పైకి ఎక్కినట్టే. జోవాంథస్‌లు (గుండీల్లా ఉండే మెత్తటి కోరల్స్) ఓర్చుకుంటాయి గానీ, ఎక్రోపోరా (కొమ్మల్లా పెరిగే గట్టి కోరల్) కొసలు మాడిపోవచ్చు. అందుకే వారం ముందు నుంచే అదే కొత్త ఉప్పుతో పాత ట్యాంక్‌లో కొద్దికొద్దిగా నీళ్లు మారుస్తూ రండి. పెరుగుదల రోజుకు 1 డీకేహెచ్ దాటకూడదు. లేదంటే తక్కువ ఆల్కలినిటీ ఉన్న ఉప్పు ఎంచుకోండి, గొడవే ఉండదు.

ఇప్పుడు ఇసుక సంగతి. ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి: పాత ఇసుకను కొత్త ట్యాంక్‌లోకి తేకండి. ట్యాంక్‌ను నడిపించే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం రాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజి మీద అంటుకుని ఉంటుంది. నీళ్లలో ఉండేది చాలా తక్కువ. ఇసుకలోనూ ఉంటుంది కానీ, దాంతోపాటు ఏళ్ల తరబడి పేరుకున్న మేత, మలం కూడా ఉంటాయి. కదిలించనంతకాలం అవి అడుగునే పడుంటాయి. ఒక్కసారి పారతో ఎత్తితే చేపలకు విషమైన అమ్మోనియా బయటికొస్తుంది. ఇసుక మందంగా ఉండి అడుగున నల్లటి చారలు కనిపిస్తుంటే, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా రావచ్చు. మార్పిడి అయిన రెండో రోజు చేపలన్నీ చచ్చిపోయాయని విన్నప్పుడు నేను మొదట అడిగేది ఇసుక గురించే. అందులోని చిన్న జీవుల మీద మరీ మమకారం ఉంటే, పైపొర నుంచి ఒక కప్పు తీసి ఉప్పునీళ్లలో బాగా కడిగి కొత్త ఇసుకలో చల్లండి. అంతకు మించి వద్దు.

ఇక ఆ రోజు పని. ముందురోజు సాయంత్రం నుంచే మేత ఆపేయండి. పొద్దున్నే పాత ట్యాంక్ హీటర్ ఆపి, 20 నిమిషాలు ఆగాకే నీళ్లు తీయడం మొదలుపెట్టండి. వేడిగా ఉన్న గాజు హీటర్ గాలి తగిలితే పగిలిపోవచ్చు. సైఫన్ పైపు మూతిని ఇసుకకు జానెడు పైన ఉంచి తేట నీళ్లు మాత్రమే లాగండి. బకెట్లు కొత్తవైనా సరే, సబ్బు ముఖం చూడనివి కావాలి.

తర్వాత కోరల్స్. హ్యామర్, టార్చ్ లాంటి మెత్తటి కండ ఉన్న కోరల్స్‌ను విచ్చుకుని ఉండగా ఎత్తితే కండ సొంత అస్థిపంజరం అంచుకే తగిలి చిరుగుతుంది. చేత్తో నీటిని మెల్లగా ఊపుతూ ఉండండి. ముడుచుకున్నాక అడుగు పట్టుకుని తీయండి. జోవాంథస్, దాని దగ్గరి బంధువు పాలిథోవా ఉన్న రాళ్లకు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. వాటిని గీకడం, బ్రష్‌తో తోమడం, వేడినీళ్లు పోయడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. ఎనిమోన్‌ను (పువ్వులా కనిపించే మెత్తటి సముద్రజీవి) రాయి నుంచి ఊడదీయకండి, రాయితో సహా తీసుకెళ్లండి. స్పాంజి (ఫిల్టర్‌ది కాదు, రాళ్ల మీద పెరిగే జీవి) ఉన్న రాళ్లను నీళ్లలోంచి బయటికి తీయకుండా, బకెట్‌ను ట్యాంక్‌లోనే ముంచి అందులోకి జరపండి.

ప్రతి లైవ్ రాక్‌నూ (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టి ఉన్న రాయి) పాత నీళ్లున్న ఒక విడి బకెట్‌లో అటూ ఇటూ రెండు మూడుసార్లు జాడించండి. నాలుగో రాయికల్లా ఆ నీళ్లు చిక్కటి మట్టి రంగుకు తిరుగుతాయి. ఆ మురికంతా కొత్త ట్యాంక్‌కు పోవాల్సిందన్నమాట. పారబోసి, కొత్తగా పాత నీళ్లు పట్టుకుని మిగతావి జాడించండి. రాయిని ఎత్తేటప్పుడు కింద ఎప్పుడూ ఒక బకెట్ ఉండాలి. రంధ్రంలో దాక్కున్న గోబీ అనే చిన్న చేపో, బుల్లి పీతో ఆ క్షణంలోనే జారి పడుతుంది.

చేపల్ని ఆఖర్న పట్టండి. రాళ్లున్నప్పుడు వలేసుకుని వెంటపడితే మీకు ఆయాసం, వాటికి ప్రాణసంకటం. రాళ్లు తీసేసి నీళ్లు జానెడు మిగిలాక అవే దొరుకుతాయి. టాంగ్‌లు అనే చేపలకు తోక మొదట్లో కత్తిలాంటి ముల్లు ఉంటుంది, వలలో ఇరుక్కుపోతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాతో పట్టడం మేలు. ర్యాబిట్ ఫిష్ ఉంటే చేతులు జాగ్రత్త, దాని ముళ్లలో విషం ఉంటుంది. పట్టినవాటిని మూత ఉన్న బకెట్లలో గాలి మోటారు పెట్టి చీకట్లో ఉంచండి. రొయ్యల్ని, చేపల్ని ఒకే బకెట్‌లో పెట్టకండి.

కొత్త ట్యాంక్‌లో మొదట రాళ్లు, నేరుగా గాజు అడుగు మీద. ఇసుక మీద పేరిస్తే గోబీ, పిస్టల్ ష్రింప్ లాంటివి కింద తవ్వి ఏదో ఒకరోజు కూల్చేస్తాయి. కొత్త ఇసుకను కడిగి ఉంచుకోండి. వెడల్పాటి పీవీసీ పైపు నిలబెట్టి అందులోంచి జార్చితే దుమ్ము తక్కువ లేస్తుంది. ఇసుక ఆరోజే వేయాలన్న నియమం ఏమీ లేదు. వారం తర్వాత కొంచెం కొంచెంగా వేసుకోవచ్చు. ఇసుకలో పడుకునే రాస్‌ చేపలు ఉంటే మాత్రం ఒక గిన్నెడైనా అందుబాటులో పెట్టండి.

నీళ్లు నింపాక ఉష్ణోగ్రత, సాంద్రత ఇంకోసారి చూడండి. తేడా ఉంటే రొయ్యలు, నత్తలు, నక్షత్ర చేపల బకెట్లలోకి సన్న గొట్టంతో చుక్కలు చుక్కలుగా కొత్త నీళ్లు వదులుతూ గంట సేపు అలవాటు చేయండి. చేపలు కాస్త ఓర్చుకుంటాయి. పాత ఫిల్టర్ స్పాంజిని ఆరోజు కడగకుండా అలాగే కొత్త సంప్‌లో పెట్టండి. రాస్‌లు, ఫైర్‌ఫిష్‌లు మొదటి రాత్రే ఎగిరి బయట పడుతుంటాయి కాబట్టి, పైన జాలీ బిగించకుండా లైట్లు ఆర్పకండి. పాత ట్యాంక్‌ను ఆ సాయంత్రమే విప్పకండి. తలలు లెక్కపెట్టుకుని, ఎవరైనా తగ్గితే ఆ జానెడు నీళ్లలో వెతకండి.

మర్నాడు నీళ్లు మసకగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. స్కిమ్మర్ (నురగతో పాటు మురికిని బయటికి తీసే పరికరం) పిచ్చిగా పొంగినా, అస్సలు నురగే రాకపోయినా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. చూడాల్సింది అమ్మోనియా: మొదటి మూడు రోజులు పొద్దున, సాయంత్రం. కొద్దిగా కనిపిస్తే మేత తగ్గించి చూడండి. 0.25 పీపీఎం (పది లక్షల భాగాల్లో పావు భాగం) దాటితే అమ్మోనియాను బంధించే మందు వేసి, చచ్చిన నత్తో, కుళ్లుతున్న స్పాంజో ఉందేమో వెతికి తీసేయండి. దాచిన నీళ్లు పోసేస్తే సరిపోతుందనుకోకండి. 415 లీటర్లలో 50 లీటర్లు మారిస్తే తగ్గేది ఎనిమిదో వంతే. ఆ నీళ్లు మూలల్లో చేరిన మడ్డిని లాగేయడానికి వాడండి.

అభ్యాసం: మీ పాత ట్యాంక్ ఆల్కలినిటీ, మీరు వాడబోయే ఉప్పు ఇచ్చే ఆల్కలినిటీ రెండూ కొలిచి, మార్పిడి తర్వాత ఎంత ఉంటుందో లెక్కకట్టండి. తేడా 1 దాటితే, పాత ట్యాంక్‌ను ఎన్ని రోజుల ముందు నుంచి సర్దుతూ రావాలో కూడా రాయండి. వచ్చే పాఠంలో జవాబు, దాంతోపాటు కొత్త లైట్లకు కోరల్స్‌ను అలవాటు చేసే పద్ధతి. అప్పటిదాకా లైట్ల బలం సగానికి మించనివ్వకండి.