ఒకటి రెండు ఇంచుల మంచే అన్నప్పుడు ఫోర్‌కాస్ట్ ఎలా చూడాలి

న్యూజెర్సీ వైపు నార్‌ఈస్టర్, అంటే అమెరికా తూర్పు తీరం వెంబడి వచ్చే పెద్ద తుఫాను, వస్తోందనగానే అందరూ అడిగేది ఒకటే, ఎన్ని ఇంచులు? అడుగు మంచు పడుతుందంటే టెన్షనే లేదు, స్కూళ్లకు సెలవిస్తారు, చాలామంది ఇంటి నుంచే పనిచేస్తారు. ఇబ్బంది పెట్టేది ఒకటి రెండు ఇంచుల రోజే, ఎందుకంటే ఆ రోజు అందరూ బయల్దేరతారు. 2018 నవంబర్ 15న కాస్త పడి వానగా మారిపోతుందనుకున్న మంచు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 6.4 ఇంచులు పడింది, అదీ జనం ఇళ్లకు తిరిగొచ్చే వేళకి. న్యూజెర్సీని న్యూయార్క్‌తో కలిపే జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి మీద యాక్సిడెంట్లు, ఎక్కడి బస్సులు అక్కడే.

అందుకని ఫోన్‌లో మంచు బొమ్మ చూసి వదిలేయకండి. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మీ జిప్ కోడ్ కొట్టి గంటల వారీ గ్రాఫ్ తెరవండి. ఎప్పుడు మొదలవుతుందన్నదే ముందు చూడాలి, ఇంచుల సంగతి తర్వాత.

ఆ పక్కనే డ్యూ పాయింట్ ఉంటుంది, గాలిలో తేమ ఎంతుందో చెప్పే అంకె అది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. బయట 37 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది, నీళ్లు గడ్డకట్టే 32 కంటే ఎక్కువే కాబట్టి వానే అనుకుంటాం, కానీ డ్యూ పాయింట్ 20 ఉంటే గాలి బాగా పొడిగా ఉన్నట్టు, పడే చినుకులు ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తాయి, కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే. కాసేపట్లో వాన కాస్తా మంచవుతుంది. అదే డ్యూ పాయింట్ 35 ఉంటే మాత్రం చాలావరకు వానే.

తర్వాత గాలి. తూర్పు నుంచి వీస్తే ఇంకా వెచ్చగా ఉన్న సముద్రం మీది గాలి వస్తుంది, తీరం దగ్గరి టామ్స్ రివర్‌లో వాన, మధ్యలోని ఎడిసన్‌లో వానా మంచూ కలిసి, లోపలున్న మోరిస్‌టౌన్‌లో మంచు. గాలి ఉత్తరం నుంచి వీస్తే వానా మంచూ విడిపోయే ఆ గీత తీరం వైపు జరుగుతుంది. తుఫాను దారి యాభై మైళ్లు అటూ ఇటూ అయినా లెక్కంతా మారిపోతుంది కాబట్టి ఒక్క అంకెను నమ్ముకోవద్దు. అదే సైట్‌లో కనీసం ఎంత, గరిష్ఠంగా ఎంత అని రెండు మ్యాపులుంటాయి, ఒకదాంట్లో సున్నా, ఇంకోదాంట్లో ఐదు ఇంచులు ఉంటే ఇంటి నుంచి పని చేస్తానని ముందు రోజే మేనేజర్‌కి చెప్పేయండి.

ఇక రోడ్డు. ముందు వాన పడితే గడ్డకట్టకుండా రోడ్డు మీద చల్లి ఉంచిన ఉప్పు నీళ్లు కొట్టుకుపోతాయి, పైన పడ్డ పల్చటి మంచు టైర్ల కింద నలిగి, కరిగి, చీకటి పడ్డాక గడ్డకడుతుంది. తడిగా మెరిసే రోడ్డు, ఉష్ణోగ్రత 32 దగ్గర, ఎదుటి కారు టైర్ల నుంచి నీళ్లు చిమ్మడం లేదు అంటే అది బ్లాక్ ఐస్, కంటికి ఆనని పల్చటి మంచుగడ్డ, అనుకోవడమే మంచిది. కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి బ్రిడ్జిలు, ర్యాంపులే ముందు గడ్డకడతాయి, వాటి మీద సడన్‌గా బ్రేక్ వేయొద్దు.

కారు పైకప్పు మీది మంచు కూడా తీసేయండి. వైపర్ తిరిగే మేర తుడుచుకుని బయల్దేరేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు, న్యూజెర్సీలో దానికి ఫైన్ వేస్తారు.

హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు నెవార్క్‌లో దిగే రోజైతే, విమానం నిజంగా దిగిందని చూశాకే ఇంట్లోంచి కదలండి.